మార్వాడీలోంచి మార్వాడీలోకి

"కాసులు పోయాయి, పేరు మాత్రం మిగిలింది," అన్నాడు అప్పాజీ, ఖాళీ నగల పెట్టెలోకి తొంగిచూసి.

ఎవరూ నవ్వలేదు. రాజమండ్రిలో ప్రైవేటు డిటెక్టివుగా బోర్డు కట్టినప్పటి నుంచీ అప్పాజీకి ఇది అలవాటే. తుపాకీ కొనే తాహతు లేక జోకులు పేల్చడం మొదలుపెట్టాడు. అవి కూడా ఎక్కువసార్లు తుస్సుమనేవి.

పోయింది పాపాయమ్మగారి కాసులపేరు. బుధవారం పొద్దున పదింటి బస్సుకి ఆవిడ భజన బృందంతో కోరుకొండ వెళ్లారు. నాలుగింటికి తిరిగొచ్చేసరికి బీరువా తలుపు ఓరగా ఉంది, పెట్టెలో గాలి ఉంది. ఇవాళ శనివారం. ఆ ఇంట్లో ఉండేది కొద్దిమందే. మేడ మీద ఆవిడ మేనల్లుడు గణేష్‌బాబు. కింద వెనక వాటాలో తొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్న మార్వాడీ కుటుంబం. మిఠాయి కొట్టు నడిపే ఛగన్‌లాల్, ఆయన తమ్ముడు మోహన్‌లాల్, తమ్ముడి భార్య సోహనీబాయి, ఆ దంపతుల పదకొండేళ్ల కూతురు కేసర్. మోహన్‌లాల్ జీడిపప్పు బేరానికి మంగళవారమే జంగారెడ్డిగూడెం వెళ్లాడు, ఇంకా తిరిగి రాలేదు.

ఎస్సై నిరంజన్ లెక్కలో కేసు ముందే తేలిపోయింది. ఛగన్‌లాల్ దొంగ, మరదలు తోడుదొంగ. సాయంత్రం అయిదింటికి ఛగన్‌లాల్‌ని జీపెక్కించడానికి అంతా సిద్ధం చేసుకున్నాడు. ఈలోగా మనసొప్పని పాపాయమ్మగారు అప్పాజీకి కబురుపెట్టారు.

"మీరెందుకండీ మధ్యలో?" అన్నాడు నిరంజన్. "ప్రైవేటు మాస్టర్లు పిల్లల్ని చెడగొట్టినట్టు ప్రైవేటు డిటెక్టివులు కేసుల్ని చెడగొడతారు."

"బళ్లో చెప్పింది ఎక్కనివాళ్లకే కదండీ ప్రైవేటు," అన్నాడు అప్పాజీ, కుర్చీ లాక్కుంటూ.

నిరంజన్ దగ్గరున్న ఆయుధం గణేష్‌బాబు సాక్ష్యం. బుధవారం రెండింటికి భోజనానికి వచ్చి మెట్ల మీద ఉండగా, ఛగన్‌లాల్ కూడా కొట్టు నుంచి భోజనానికి వచ్చాడట. సోహనీబాయి ఆయన కంచం పక్కనే నిలబడి, ముసలావిడ కోరుకొండ వెళ్లిందనీ, బీరువా తాళంచెవి గూట్లో ఉందనీ చెప్పిందట. అది గణేష్‌బాబు చెవులారా విన్నాడట. హిందీ పరీక్షలు మూడు పాసయ్యాడు కనక మార్వాడీ కూడా కొంత అర్థమవుతుందట.

"సాక్షి అన్నాక సాకు కూడా ఉండాలే," అని గొణుక్కున్నాడు అప్పాజీ. సాకు పాపాయమ్మగారే చెప్పారు. ఆ ఏడు ఊళ్లో ప్రతి మేడ మీదా డిష్షులు మొలుస్తున్నాయి. గణేష్‌బాబుకి కూడా కేబుల్ టీవీ ఆఫీసు పెట్టాలని ఉంది. అందుకు వెనక వాటా కావాలి. మార్వాడీవాళ్లని పంపెయ్యమని ఏణ్ణర్ధంగా అడుగుతున్నాడు, ఆవిడ ససేమిరా అంటున్నారు.

ఛగన్‌లాల్ ఒకసారి జీపెక్కితే ఇక కొట్టు తెరవనక్కర్లేదు. దొంగ చేత్తో చుట్టిన జిలేబీ ఊళ్లో ఎవడూ కొనడు. ఆ సంగతి అక్కడున్న అందరికన్నా బాగా తెలిసింది పదకొండేళ్ల పిల్లకి. గోడకి వీపు ఆనించి, బడి యూనిఫాం పావడా అంచుని వేళ్లకి చుట్టుకుంటూ నిలబడి ఉంది.

"నీ పేరేంటమ్మా?"

"కేసర్ అండి."

అప్పాజీకి పట్టలేని ఆనందం కలిగింది. "కేసులో కేసర్ పడింది. ఇంక గుబాళింపే."

ఆ పిల్ల నవ్వింది. పద్దెనిమిదేళ్ల వృత్తిలో అది మొదటి నవ్వు. అప్పాజీ ఆ క్షణమే ఆమె పక్షం చేరిపోయాడు.

కేసర్ ఆ ఇంటికి నోరు, చెవి, అప్పుడప్పుడు బుర్ర. పెదనాన్న ఛగన్‌లాల్ తెలుగంతా తక్కెట్లోనే ఉంది. కిలో, అరకిలో, పావు, రేపు రండి. అమ్మకి అది కూడా లేదు. కరెంటాఫీసుకి నాన్నతో, బ్యాంకుకి పెదనాన్నతో, డాక్టరు దగ్గరికి అమ్మతో వెళ్లి, అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేసేది కేసరే. బళ్లో పంతులమ్మ తన చదువు గురించి అమ్మానాన్నలకి చెప్పేదాన్ని కూడా తనే తర్జుమా చేస్తుంది. అందుకని ఇంట్లోవాళ్ల లెక్కలో కేసర్ ఏటా లెక్కల్లో ఫస్టు.

అప్పాజీ విచారణ మొదలుపెట్టాడు. సోహనీబాయి నుదుటి మీంచి గుండెల దాకా ఓణీ ముసుగు లాక్కుని, గది మూల చాప మీద కూర్చుంది. ఈ చివర కుర్చీలో ఛగన్‌లాల్. మీసాలు పెద్దవి, కళ్లు బిత్తరగా ఉన్నాయి. బుధవారం మధ్యాహ్నం ఏం చూశావో చెప్పమ్మా అని అడిగాడు అప్పాజీ. కేసర్ తర్జుమా చేసింది. సోహనీబాయి కూతురి తల దగ్గరికి లాక్కుని చెవిలో గుసగుసగా చెప్పడం మొదలుపెట్టింది. చెప్పింది, చేతులు తిప్పింది, మళ్లీ చెప్పింది. ఈలోగా పాపాయమ్మగారు ఇచ్చిన కాఫీ అప్పాజీ పూర్తిగా తాగేశాడు.

కేసర్ ఇటు తిరిగింది. "అమ్మకేం తెలీదంటండి."

"అంతసేపూ తెలీదనే చెప్పిందా?"

"మా భాషలో 'తెలీదు' చాలా పొడుగండి."

నిరంజన్ గోడ గడియారం వంక చూశాడు. మూడు రోజులుగా ఇదే వరస అనీ, తను నలభై ప్రశ్నలేస్తే ఆవిడ ఒక్కదానికీ పెదవి విప్పలేదనీ, 'మంకుపట్టు' అని రిపోర్టులో రాశాననీ చెప్పాడు.

అప్పుడు ఛగన్‌లాల్ ఏదో కంగారుగా అడిగాడు. అప్పాజీకి మార్వాడీ రాదు, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. ఛగన్‌లాల్ అన్నది కేసర్‌తో. కేసర్ అమ్మ వైపు తిరిగి అదే వాక్యం, అవే మాటలు, అదే వరసలో అంది. సోహనీబాయి ఆమె చెవిలో ఏదో చెప్పింది. కేసర్ పెదనాన్న వైపు తిరిగి దాన్ని పైకి చెప్పింది. ఇద్దరి మధ్యా దూరం నాలుగు బారలు లేదు.

"ఆగమ్మా," అన్నాడు అప్పాజీ. "ఇప్పుడు నువ్వు దేన్లోంచి దేన్లోకి మార్చావు?"

"మార్వాడీలోంచి మార్వాడీలోకి అండి."

"ఇద్దరికీ వచ్చిన భాషేగా?"

కేసర్ ఆయన్ని చిన్నపిల్లాణ్ని చూసినట్టు చూసింది. "పెదనాన్నతో అమ్మ మాట్లాడకూడదండి. భర్తకి అన్నగారు కదా. మొహం చూపించకూడదు, గొంతు కూడా వినిపించకూడదు. మా ఊళ్లో అంతే. అందుకే నాకు చెబితే నేను చెబుతానండి."

"నువ్వు బళ్లో ఉంటే?"

"రండి, చూపిస్తాను."

వెనక వాటాలో వంటింటి గుమ్మం ముందు చిన్న పీట, పక్కన ఇత్తడి గ్లాసు. గుమ్మం లోపలివైపు ద్వారబంధం మీద, ఆడమనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తులో, ఆకుపచ్చ రంగు ఊడిపోయి చిన్న చిన్న గుంటలున్నాయి. గరిటె కాడ దెబ్బలు. అప్పాజీ వేలు పెట్టి తడిమాడు. పాతవి చాలా ఉన్నాయి, కొత్తవి కూడా ఉన్నాయి. పెదనాన్నకి రొట్టె కావాలంటే గ్లాసు మీద ఒకసారి కొడతాడనీ, అమ్మ లోపల్నుంచి ద్వారబంధం మీద గరిటెతో ఒక దెబ్బేస్తే తెస్తున్నట్టనీ, రెండేస్తే అయిపోయినట్టనీ కేసర్ వివరించింది. కంచం గుమ్మం దగ్గర పెట్టి అమ్మ వెనక్కి వెళ్లిపోతుందట. వీధి గుమ్మం దగ్గరే పెదనాన్న గట్టిగా దగ్గుతాడట, తను వస్తున్నట్టు తెలిసి అమ్మ ముసుగేసుకోవడానికి.

వెనకే వచ్చిన పాపాయమ్మగారు అక్కడే ఆగిపోయారు. "దగ్గు... జబ్బు కాదా?"

"కాదండి మామ్మగారూ."

"మరి తొమ్మిదేళ్లుగా నేను పంపిస్తున్న మిరియాల కషాయం?"

"తాగుతున్నారండి. ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్లు రోజూ తాగాలేమో అనుకున్నారు."

అప్పాజీ నవ్వు ఆపుకోవడానికి ద్వారబంధం పట్టుకోవాల్సి వచ్చింది. నవ్వుతూనే ఒక సంగతి గట్టిగా పట్టుకున్నాడు. గణేష్‌బాబు విన్నానన్న మాట ఈ ఇంట్లో పుట్టడానికే వీల్లేదు.

ముందు గదిలోకి వచ్చి గణేష్‌బాబుని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. జరిగింది మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. గణేష్‌బాబు రెట్టించిన ఉత్సాహంతో చెప్పాడు. కంచం పక్కనే నిలబడిందా అంటే పక్కనే అన్నాడు. ఎదురెదురుగానా అంటే ఎదురెదురుగానే అన్నాడు.

"ముసుగు?"

"తీసేసే ఉందండి. మొహమంతా చెమట. ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పింది."

"శభాష్. ఎస్సై గారూ, మీ సాక్షి కళ్లకి పవరెక్కువ. పెళ్లయినప్పటి నుంచీ ఒకే కప్పు కింద ఉన్న బావగారికి కనపడని మొహం మెట్ల మీంచి చూసేశాడు." అప్పాజీ కేసర్ వైపు తిరిగి, అమ్మ మొహం ఎలా ఉంటుందో పెదనాన్నని అడగమన్నాడు.

ఛగన్‌లాల్ ఆ ప్రశ్నకే తలవంచుకున్నాడు. తనెలా చెప్పగలననీ, కాలి పట్టాల చప్పుడు తప్ప తమ్ముడి భార్య గురించి తనకేమీ తెలియదనీ చెప్పాడు.

"నాటకం," అన్నాడు నిరంజన్. "దొంగలకి నటన రాదా? తర్జుమా చేసేది కూడా వాళ్ల పిల్లే."

"ఆ పిల్లని వదిలెయ్యండి. నా సాక్షి మీరే. మూడు రోజులు, నలభై ప్రశ్నలు. ఈ పెద్దమనిషి గదిలో ఉండగా ఆవిడ గొంతు ఒక్కసారైనా విన్నారా? పోలీసు అడిగితేనే విప్పని నోరు అన్నం దగ్గర విప్పిందా? మీరు మంకుపట్టు అని రాసిందే ఈ కేసుకి ఆయువుపట్టు."

నిరంజన్ తన రిపోర్టు తీసి మళ్లీ చదువుకున్నాడు. ఎస్సై అంటే 'ఎస్' అనగానే 'సై' అనేవాడని ఒక జోకు అప్పాజీ నాలుక చివరి దాకా వచ్చింది. మనిషి ఆలోచనలో పడ్డాడని గమనించి దాన్ని మింగేశాడు.

గణేష్‌బాబు మాత్రం ఆలోచించలేదు. లేచి నిలబడ్డాడు. "మాటలెందుకండీ? వాళ్ల వంటింట్లో, మీరు సోదాలో వదిలేసిన గోధుమపిండి డబ్బా తియ్యండి. అందులో చూస్తే తెలుస్తుంది ఎవరు దొంగో."

కేసర్ మొహం ఒక్కసారిగా పాలిపోయింది. అప్పాజీ అది చూశాడు.

కానిస్టేబులు డబ్బా తెచ్చాడు. నిరంజన్ పేపరు పరిచి స్వయంగా దాన్ని బోర్లించాడు. పిండి మేఘంలా లేచి ఆయన మీసం మీదా, టోపీ మీదా, రెండు నక్షత్రాల మీదా దిగింది. ఆయన మోచేతుల దాకా చేతులు పిండిలో ముంచి వెతికాడు. పిండి తప్ప ఏమీ లేదు.

"లేకపోవడం ఏంటి?" అన్నాడు గణేష్‌బాబు.

గదిలో అందరూ అతని వైపు తిరిగారు. ముందు తిరిగింది నిరంజనే. మీసం తెల్లబడ్డా మనిషి పోలీసే.

"ఉండాలని నీకెవరు చెప్పారు?"

గణేష్‌బాబు అత్తయ్య వంక చూశాడు, మెట్ల వంక చూశాడు, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ కానిస్టేబులు పొట్ట వంక చూశాడు. ఆ పొట్ట దాటి వెళ్లడం సాధ్యం కాదని తేలాక కూలబడి నిజం చెప్పాడు. బీరువాలోంచి తీసింది తనే. పిండి డబ్బాలో పెట్టింది కూడా తనే. అది ఎలాగూ పోలీసుల సోదాలో బయటపడుతుంది, మార్వాడీవాళ్లు వెళ్లిపోతారు, వాటా ఖాళీ అవుతుంది అనుకున్నాడు. నగ అత్తయ్యకి తిరిగి చేరేదే కదా అని ఏడుపు గొంతుతో అన్నాడు.

"వాటా కావాలన్నావు, నీకు వాటం కుదర్లేదు," అన్నారు పాపాయమ్మగారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ మాట మాత్రం తూటాలా వచ్చింది. అప్పాజీ అసూయపడ్డాడు.

నిరంజన్ పిండి దులుపుకున్నాడు. "పెట్టింది వీడు. సరే. తీసిందెవరు? డబ్బా ఎవరి వంటింట్లో ఉంది? దొరికిన నగ మూడు రోజులు దాచినవాళ్లు దొంగలు కాక ఏమవుతారు? ఛగన్‌లాల్‌ని వదిలే ప్రశ్నే లేదు. జీపు తియ్యమను."

గడియారం అయిదుకి దగ్గరపడింది. కేసర్ పెదనాన్న చొక్కా అంచు పట్టుకుంది. అప్పాజీ మోకాళ్ల మీద వంగి ఆ పిల్ల కళ్లకి సూటిగా కళ్లు పెట్టాడు.

"నువ్వు మంచి దుబాసీవి. అందుకే అడుగుతున్నా. అమ్మ మాట పొడుగు, నీ మాట పొట్టి. మిగిలిన ముక్కంతా ఎక్కడ పెట్టావు?"

కేసర్ పెదనాన్న వంక చూసి, అమ్మ ముసుగు వంక చూసింది.

అప్పాజీ నిలబడి, ఒక్క అయిదు నిమిషాలు ఛగన్‌లాల్‌ని వీధి గుమ్మం అవతల కూర్చోబెట్టమని నిరంజన్‌ని కోరాడు. ఈసారి జోకు కలపకుండా అడిగాడు. అందుకే కాబోలు ఎస్సై ఒప్పుకున్నాడు. ఛగన్‌లాల్ బయటికి నడిచాడు. తలుపు దగ్గరగా వేశారు.

సోహనీబాయి ముసుగు తీసింది.

ముప్పై ఏళ్లుంటాయి. ముక్కుపుడక, కోపంతో ఎర్రబడ్డ బుగ్గలు. మెళ్లో, రవిక మీద మూడు వరసలుగా, పాపాయమ్మగారి కాసులపేరు.

నిరంజన్ ఒక్క అంగలో ముందుకొచ్చాడు. అప్పాజీ అడ్డం నిలబడ్డాడు. సోహనీబాయికి మాత్రం భయం లేదు. ఎన్నాళ్లకో గొంతెత్తే అవకాశం దొరికినట్టు, అందరికీ వినపడేలా, ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది.

"చెప్పు తల్లీ," అన్నాడు అప్పాజీ. "ఒక్క ముక్క కూడా కొయ్యకుండా."

కేసర్ రెండు జడలూ వెనక్కి వేసుకుని అమ్మ పక్కన నిలబడింది.

"'వెనక గిన్నెలు తోముకుంటున్నాను. ఆరేసిన దుప్పటి చాటునుంచి, ఈ అబ్బాయి మా వంటింట్లోంచి వెళ్లడం చూశాను. సాయంత్రం పిండిలో చెయ్యి పెడితే బంగారం తగిలింది. ఊరికే ఇచ్చేస్తే దొంగనంటారు, జరిగింది చెప్పి ఇవ్వాలనుకున్నాను. మెళ్లో వేసుకుని, నా కూతుర్ని తీసుకుని మామ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ చెయ్యి పట్టుకుని నా మెడ మీద పెట్టాను. అంతా చెప్పమని కూతురికి చెప్పాను...'"

"పెట్టింది," అన్నారు పాపాయమ్మగారు, మంచం మీద కూర్చుండిపోతూ. "బుధవారం దీపాలవేళ. ఓణీ మీద నుంచి గట్టిగా ఏదో తగిలింది. తను తియ్యలేదని మంగళసూత్రం మీద ఒట్టేస్తోందనుకున్నాను. ఈ పిల్ల కూడా ఒట్టేస్తోందనే చెప్పింది."

"చెప్పానండి," అంది కేసర్. "మా పిండి డబ్బాలో దొరికిందంటే మేమే పెట్టామనుకుంటారు కదండీ. మీ మేనల్లుడు తీశాడంటే మీకు కోపమొస్తుంది కదండీ. నాన్న కూడా ఊళ్లో లేరు. నాన్న వచ్చాక చెబుదాం అనుకున్నాను. అమ్మ ఊరుకోదని, 'మామ్మగారు నిన్నే దాచమన్నారు, పోలీసులు వెళ్లేదాకా ఎవరికీ చూపించద్దన్నారు' అని చెప్పాను. అందుకే తను మూడు రోజులుగా నిద్రలో కూడా తియ్యలేదు. 'మామ్మగారు దాచమన్న నగే కదా, మరి బావగారిని ఎందుకు పట్టుకుంటున్నారు' అని అడగమని రోజూ నాకు చెవిలో చెబుతూనే ఉంది."

సోహనీబాయి కాసులపేరు తీసి పాపాయమ్మగారి ఒళ్లో పెట్టింది. తర్వాత కూతురి వంక చూసి ఇంకో వాక్యం అంది. ఇది మాత్రం పొట్టిది.

కేసర్ నసిగింది. "ఇది కూడా చెప్పాలాండి?"

"చెప్పాలి."

"'బావగారిని వదిలిపెట్టాక ఈ పిల్ల వీపు విమానం మోత మోగిస్తాను' అంటోందండి."

నిరంజన్ నవ్వేశాడు. మీసంలో మిగిలిన పిండి రాలింది. ఆయన నగని పాపాయమ్మగారి చేత గుర్తుపట్టించుకుని, గణేష్‌బాబుని జీపెక్కించమని కానిస్టేబులుకి చెప్పి, తనే వెళ్లి వీధి తలుపు తీశాడు. ఛగన్‌లాల్‌కి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో తెలియక రెండు చేతులూ జోడించాడు. ఛగన్‌లాల్ చేతులు తిరిగి జోడించి, తనకొచ్చిన తెలుగులో అన్నిటికన్నా మర్యాదైన మాట వాడాడు. "రేపు రండి."

పాలు విరిగిపోతాయని ఆయన అటునుంచటే కొట్టుకి పరిగెత్తాడు. జీపు వెళ్లిపోయింది.

అప్పాజీ ఇంక తన పని అయిపోయిందనుకున్నాడు. పాపాయమ్మగారు మాత్రం కాసులపేరు పక్కన పెట్టేసి, మంచం మీద సర్దుకుని కూర్చుని, కేసర్‌ని ఎదురుగా నిలబెట్టారు.

"నీకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ మా ఇద్దరి మధ్యా నువ్వే కదే. నా ఆవకాయ అమృతంలా ఉందని మీ అమ్మ ఏటా అంటోందన్నావు. నా పాటకి పొద్దున్నే మెలకువ రావడం అదృష్టమందన్నావు. నేను కట్టుకున్న ప్రతి చీరా బావుందన్నావు. ఇవాళ నిజం చెప్పు, అందులో మీ అమ్మ మాటలెన్ని, నీవెన్ని?"

సోహనీబాయి కూతురి మోచెయ్యి లాగి ఏదో అడిగింది.

"అమ్మేమంటోంది?"

"అమ్మ కూడా అదే అడుగుతోందండి. తను పంపే బాటీలు మీరు నేతితో తింటున్నారని చెప్పాను కదండీ. అది మీ మాటా నా మాటా అని."

గేదె కూడా నమల్లేక వదిలేసిన ఆ కాల్చిన గోధుమపిండి ఉండలు పాపాయమ్మగారికి గుర్తొచ్చినట్టున్నాయి. ఆవిడ గొంతు సవరించుకున్నారు. సోహనీబాయి కొంగు నడుముకి దోపుకుని చాప మీద బాసీపట్టు వేసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు మొదటిసారి నేరుగా, తేరిపార చూసుకుంటున్నారు. ఒకళ్లూ తగ్గేలా లేరు.

ఇందాక ఎస్సైకి ఎదురు నిలబడ్డ అప్పాజీ చప్పుడు కాకుండా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. చిన్న చెయ్యొకటి ఆయన చొక్కా పట్టుకుంది.

"మీరు వెళ్లకండి బాబాయిగారూ," అంది కేసర్. ఆ తర్వాత ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

"చెబుతానండి. ముందు ఎవరివి చెప్పమంటారు?"